బ్రిటిల్ స్టార్‌కి తిండి పెట్టాలి, ముందు ఉప్పు కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీలో ఉప్పునీటి అక్వేరియం మీద వచ్చిన వ్యాసం చదివాను. చేపల గురించీ లైట్ల గురించీ రాసింది చాలావరకు బాగానే ఉంది. చివర్లో బ్రిటిల్ స్టార్ అనే, నక్షత్ర చేపలాంటి సముద్రపు జీవి మీద రాసిన నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసు చివుక్కుమంది. కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లకి అది తేలికైన జీవి అన్నారు. అడుగున పడ్డ చెత్త తిని బతికేస్తుంది కాబట్టి విడిగా తిండి పెట్టక్కర్లేదన్నారు. ఏ చేపతోనైనా కలిపి ఉంచొచ్చన్నారు. పక్కన చిన్న చేపల మధ్య ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ ఫొటో వేశారు. ఆ మూడు మాటలూ తప్పు. ఫొటో అంతకంటే పెద్ద తప్పు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి తొమ్మిదేళ్లయింది. వాటిలో ఎక్కువ కాలం రాత్రి షిఫ్టే చేశాను. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము మూడు, మూడున్నర. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు, ట్యాంకు లైట్లు ఆరిపోయి ఉంటాయి. బ్రిటిల్ స్టార్ బయటికొచ్చేది సరిగ్గా ఆ వేళకే. పగలంతా రాయి కింద దాక్కుని, ఒకటో రెండో చేతి కొనలు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. పగటిపూట మాత్రమే ట్యాంకు చూసేవాళ్లకి ఈ జీవి సగం కూడా తెలియదు.

ఇది నక్షత్ర చేపకి దాయాది. సీ అర్చిన్లు, సీ కుకుంబర్లు కూడా ఇదే వంశం. బ్రిటిల్ స్టార్లలో రెండు వేలకు పైగా జాతులున్నాయి. నక్షత్ర చేపకి చెయ్యి ఎక్కడ మొదలైందో, నడుము ఎక్కడ ఆగిందో తెలియదు. దీనికి అలా కాదు, మధ్యలో గుండ్రని బిళ్ల, దాన్నుంచి సన్నగా పొడుగ్గా ఐదు చేతులు విడిగా ఉంటాయి. చేతి లోపల మన వెన్నుపూసల్లాంటి సున్నపు ముక్కలు వరసగా పేర్చి ఉంటాయి. అందుకే పాము తోకలా మెలి తిరుగుతుంది. శాస్త్రవేత్తలు ఈ తరగతికి గ్రీకులో పెట్టిన పేరుకి అర్థం కూడా పాము తోకే. నక్షత్ర చేప అడుగున ఉన్న గొట్టపు పాదాలతో అంగుళం అంగుళం పాకుతుంది, ఇది చేతులతో తెడ్డు వేసినట్టు తోసుకుంటూ చకచకా పోతుంది. దీనికి మెదడు లేదు. నోటి చుట్టూ ఒక నరాల వలయం, అక్కణ్నుంచి ఒక్కో చేతిలోకి ఒక్కో నరం, అంతే.

తినడం ఒక్కసారి దగ్గరగా చూస్తే దీన్ని ఎవరూ అలంకరణ పేజీలో పెట్టరు. పొడుగాటి పట్టకారుతో గోరంత రొయ్య ముక్క పట్టుకుని, రాయికి జానెడు దూరంలో నీళ్లలో ఉంచుతాను. కాసేపు ఏమీ జరగదు. తర్వాత రాయి కింద ఉన్న చేతి కొన కొద్దిగా పైకి లేస్తుంది, గాల్లో వాసన పట్టినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ముక్క ఉన్న దిక్కు దొరకగానే చెయ్యంతా ఒక్కసారి ముందుకు సాగుతుంది. కొన ముక్కకి తగలగానే దాని చుట్టూ ఒక చుట్టు, ఇంకో చుట్టు పడుతుంది. చుట్టుకున్న చెయ్యి అలాగే మడుచుకుంటూ ముక్కని నోటి కిందకి లాక్కుపోతుంది. కింద ఐదు దవడలు నక్షత్రం ఆకారంలో తెరుచుకుంటాయి. ముక్క లోపలికి పోయాక నడుమ బిళ్ల ఉబ్బుతుంది, కొలిచి చూడక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. పాత ముక్క మింగుతూ ఉండగానే మరో చెయ్యి వెతుకులాట మొదలుపెడుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు దీనికోసమే అలారం పెట్టుకుని లేచేవాడు.

ఇప్పుడు నా చేతుల్లో పోయిన మొదటి బ్రిటిల్ స్టార్ గురించి చెబుతాను. ముళ్లు లేని నున్నటి చేతుల మీద ముదురు పట్టీలున్న రకం అది, ఎంతో శాంతమైనది. దాన్ని తెచ్చిన నీళ్ల సంచీని పదిహేను నిమిషాలు ట్యాంకులో తేలేసి, వేడి సర్దుకుంది కదా అని నేరుగా వదిలేశాను. అప్పట్లో ఉప్పు కొలవడానికి నా దగ్గర ఉన్నది సూది ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్. సూది 1.025 దగ్గర నిలిచింది, అంటే మంచినీళ్లు 1 అనుకుంటే ఈ నీళ్ల సాంద్రత అంత. సముద్రపు నీళ్ల లెక్క కూడా అటూ ఇటూ అంతే కాబట్టి ధైర్యంగా ఉన్నాను. రెండో రాత్రి ఇంటికొచ్చి చూస్తే ఒక చేతి కొన తెల్లబడి మెత్తగా వేలాడుతోంది. మూడో రాత్రికి చేతులు ముక్కలు ముక్కలుగా ఇసుక మీద పడి ఉన్నాయి. ఆ ముక్కలు ఇంకా కదులుతున్నాయి.

కారణం నీళ్లలోనే ఉంది. హైడ్రోమీటర్ సూదికి చిన్న గాలి బుడగలు అంటుకుంటే అవి దాన్ని పైకి ఎత్తుతాయి. అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ ఉప్పు చూపిస్తుంది. తెలిసినవాళ్ల రీఫ్రాక్టోమీటర్, అంటే నీళ్లలో వెలుతురు ఎంత వంగుతుందో చూసి ఉప్పు చెప్పే పరికరం, తెచ్చి చూస్తే నా ట్యాంకు నీళ్లు 1.020 మాత్రమే. సంచీలో ఉన్నవి అసలైన సముద్రపు నీళ్లంత చిక్కన. ఆ చిక్కటి నీళ్లలోంచి ఈ పలచటి నీళ్లలోకి ఆ జీవిని ఒక్క ఉదుటున తోసేశాను. మనిషి ఒంట్లో ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే మూత్రపిండాలు సర్దుతాయి. దీనికి అలాంటి ఏర్పాటు లేదు, దీని ఒంట్లో ఉన్న ద్రవం దాదాపు సముద్రపు నీరే. బయట ఉప్పు తగ్గితే కణాల్లోకి నీళ్లు చేరి అవి ఉబ్బుతాయి. ఉద్యోగంలో రోజూ మూత్రం సాంద్రత చూడటానికి రీఫ్రాక్టోమీటర్ వాడే మనిషిని, ఇంటి దగ్గర ఒక ప్రాణి విషయంలో సూదిని నమ్మాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకని కొత్తవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే: లైట్ల కంటే ముందు మంచి రీఫ్రాక్టోమీటర్ కొనండి. దాన్ని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి తెచ్చి వదిలెయ్యకుండా, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. కొత్త జీవిని తెచ్చినప్పుడు సన్నటి గొట్టంతో ట్యాంకు నీళ్లని సంచీ నీళ్లలోకి చుక్క చుక్కగా వదలాలి. సెలైన్ ఎక్కిస్తున్నట్టు, సెకనుకి రెండు మూడు చుక్కలు. రెండు గంటలు పట్టినా పరవాలేదు. చాలా దూరం నుంచి వచ్చిన సంచీ అయితే మాత్రం ఓ జాగ్రత్త ఉంది. మూసిన సంచీలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. తెరవగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమ్మోనియా మరింత విషమవుతుంది. కాబట్టి తెరిచిన సంచీని అలాగే వదిలేసి వేరే పనిలో పడకూడదు. జీవిని కొద్దిపాటి నీళ్లతోనే గిన్నెలోకి మార్చి వెంటనే డ్రిప్ మొదలెట్టాలి.

రోజూ చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. ట్యాంకులో ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గిన నీళ్ల స్థానంలో ఉప్పునీళ్లు పోస్తే వారం తిరిగేసరికి ట్యాంకు చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లే పోయాలి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. సెలవుల్లో వారం రోజులు వెళ్లొచ్చి ఒకేసారి బకెట్ గుమ్మరించడం దీనికి చావుదెబ్బ.

ఇక మీ ఫొటో సంగతి.

ఆ ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ పేరు ఓఫియారాక్నా ఇన్‌క్రాసాటా. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల జీవి. చూడటానికి నిజంగానే అందంగా ఉంటుంది, అందుకే మీ వాళ్లు దాన్ని ఎంచుకుని ఉంటారు. నేనూ అందుకే తెచ్చుకున్నాను. అమ్మినవాళ్లు అది అడుగు శుభ్రం చేస్తుందనే చెప్పారు. వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఒక్కో చెయ్యి జానెడు దాటింది. అప్పుడు ఒక ఫైర్‌ఫిష్ కనబడకుండా పోయింది. ఆ చేపకి గెంతే అలవాటుంది కాబట్టి ట్యాంకు వెనకా సోఫా కిందా వెతికాం, దొరకలేదు. నెల తర్వాత గోబీ అనే చిన్న చేప ఒకటి పోయింది. నీళ్లు పరీక్ష చేస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. మిగతా చేపలు హుషారుగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఓ రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూశాను. ఎర్ర వెలుతురైతే ఇవి అంతగా బెదరవు. రాతి పక్కన ఇసుక మీద అది ఐదు చేతుల మీద లేచి నిలబడి ఉంది. నడుమ బిళ్ల నేలకి రెండంగుళాల ఎత్తున ఉంది, కింద చిన్న గుహలా ఖాళీ. కదలడం లేదు. నా కాలు తిమ్మిరెక్కింది, అది మాత్రం ఉన్నచోటే ఉంది. నిద్రకి నీడ వెతుక్కునే చిన్న చేప ఒకటి మెల్లగా వచ్చి ఆ బిళ్ల కిందకి దూరింది. అంతే, చేతులు ఐదూ ఒకే వైపుకి తాడు పేనినట్టు మెలి తిరిగాయి, బిళ్ల కిందకి దిగిపోయింది. చేప కొట్టుకోవడం కూడా నాకు కనబడలేదు. మొత్తం ఒక్క క్షణం. నేను టార్చి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

అది నా ఒక్కడి కథ కాదు. ఈ జాతి ఇలా గుడారం వేసి చేపల్ని పట్టడం శాస్త్రవేత్తలు కూడా నమోదు చేశారు. దీనికి తిండి బాగా పెడితే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. దాని తప్పేమీ లేదు, అది దాని బతుకు తీరు. నీడ కోసం వచ్చిన చేపని దాని కింద వదిలింది మనం. ఇప్పుడు దాన్ని వేరే ట్యాంకులో ఒంటరిగా పెట్టాను. వారానికి మూడుసార్లు రొయ్య, స్క్విడ్ ముక్కలు పెడతాను. ఏడేళ్లు దాటింది, ఇంకా ఉంది.

చేతులకి ముళ్లున్నవన్నీ వేటగాళ్లని మాత్రం అనుకోవద్దు. నల్లగా, పొడుగు ముళ్లతో భయపెట్టేలా ఉండే ఓఫియోకోమా రకాలు ఎక్కువగా ఇసుకలోనూ నీళ్లలోనూ దొరికే తిండి నలుసులు ఏరుకుని తింటాయి. నున్నటి చేతులున్న, సర్పెంట్ స్టార్ అనే పేరుతో అమ్మేవి చాలావరకు శాంతమైనవే. కాబట్టి ముళ్లు చూసి కాదు, జాతి పేరు అడిగి కొనాలి. అమ్మేవాళ్లు పేరు చెప్పలేకపోతే వదిలెయ్యాలి.

శుభ్రం చేస్తుందన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. ఎందుకంటే ఆ మాట నమ్మి వాటిని ఆకలితో చంపుతారు. చేపలకి వేసిన తిండిలో మిగిలింది ఇది ఏరుకుని తింటుంది, నిజమే. కానీ తిన్నది ఎక్కడికి పోతుంది? ఈ జీవికి మలద్వారం లేదు. జీర్ణం కానిది మళ్లీ అదే నోటి నుంచి అదే నీళ్లలోకి వస్తుంది. ట్యాంకులోంచి మురికి బయటికి పోవాలంటే నీళ్లు మార్చే మన చేతులూ, మురికిని నురగగా తీసేసే స్కిమ్మరూ మాత్రమే దిక్కు. పైగా శ్రద్ధగా చూసుకునే ట్యాంకులో అడుగున మిగిలేది తక్కువ. ఇసుక తెల్లగా మెరుస్తుంటే యజమానికి సంతోషం, రాయి కింద ఉన్నదానికి పస్తు. ఆకలి పైకి కనబడదు కూడా, చేపలాగా అద్దం దగ్గరికొచ్చి అడగదు. నెలల తరబడి చిక్కిపోయి, నడుమ బిళ్ల ముడతలు పడి లోపలికి కుంగుతుంది. అప్పుడు గమనించి తిండి పెట్టినా చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది. లైట్లు ఆరాక వారానికి రెండు మూడుసార్లు చిన్న ముక్క పట్టకారుతో అందించడం రెండు నిమిషాల పని.

ఒక చెయ్యి తెగితే మాత్రం కంగారు పడక్కర్లేదు. ఏ పీతో పట్టుకుంటే చెయ్యి వదిలేసి తప్పించుకోవడం దీని విద్య. ఇంగ్లీషులో పెళుసు అనే అర్థం వచ్చే పేరు అందుకే వచ్చింది. నీళ్లు బాగుంటే కొన్ని వారాల్లో తెగినచోట దారమంత కొత్త కొన కనిపిస్తుంది, నెలల మీద పూర్తి చెయ్యి వస్తుంది. కొత్త భాగం చాలాకాలం లేత రంగులోనే ఉండి, ఎక్కడ తెగిందో గుర్తు చెబుతూ ఉంటుంది. కానీ ఒకేసారి రెండు మూడు చేతులు రాలుతున్నాయంటే అది విద్య కాదు, నీళ్లలో ఏదో ఘోరం జరిగిందని. వెంటనే ఉప్పు, అమ్మోనియా చూడాలి. చేపలకి తెల్ల మచ్చల జబ్బొస్తే వాడే రాగి మందు ఇదే ట్యాంకులో వేశారేమో గుర్తు చేసుకోవాలి. చేపని బతికించే మోతాదు రాగి వెన్నెముక లేని ఈ జీవుల్ని చంపేస్తుంది. మందు వెయ్యాలంటే చేపనే వేరే ట్యాంకులోకి మార్చాలి.

కొత్తవాళ్లకి అసలు బ్రిటిల్ స్టారే వద్దని నేననను. లైవ్ రాక్‌తో, అంటే చిన్న చిన్న జీవులతో సహా ట్యాంకులో పెట్టే సముద్రపు రాళ్లతో పాటు వాటంతట అవే వచ్చే బుల్లి రకాలున్నాయి. నడుమ బిళ్ల కందిగింజ అంత కూడా ఉండదు, రాతి రంధ్రాల్లోంచి వెంట్రుకల్లాంటి చేతులు ఊపుతుంటాయి. వాటిలో ఆంఫిఫోలిస్ స్క్వమాటా అనేది పిల్లల్ని తన ఒంట్లోనే పొదిగి బయటికి వదులుతుంది, అందుకే ట్యాంకులోనే సంతానం పెరుగుతుంది. ముట్టుకుంటే చీకట్లో మెరుస్తుంది కూడా. వీటిని చూసి పురుగులు పట్టాయని టెన్షన్ పడి రాళ్లని మంచినీళ్లతో కడిగేసినవాళ్లు నాకు తెలుసు. దయచేసి ఆ పని చెయ్యకండి. తేలికైన బ్రిటిల్ స్టార్ ఏదైనా ఉందంటే అవే.

పెద్దవాటికి చీకటి గుహలు తప్పనిసరి. మీ ఫొటోలో ఒక్క రాయి కూడా లేదు, బోసి ఇసుక మీద పెద్ద లైటు. కళ్లు లేవు కదా అనుకోవచ్చు. కరీబియన్‌లో ఉండే వెండ్టీ అనే జాతి పగలు ముదురుగా, రాత్రి లేతగా రంగు మారుస్తుంది. దాని చేతుల మీద ఉన్న సున్నపు స్ఫటికాలు కటకాల్లా పనిచేస్తాయని 2001లో నేచర్ పత్రికలో రాశారు. 2018లో లారెన్ సమ్నర్-రూనీ బృందం ఆ స్ఫటికాల కింద కాంతిని పట్టే కణాలు లేవనీ, అవి వేరేచోట్ల, ఒళ్లంతా వేలకొద్దీ ఉన్నాయనీ చూపించింది. 2020లో అదే బృందం ఇంకో ముందడుగు వేసింది. పగటి ముదురు రంగులో ఉన్నప్పుడు అది చీకటిగా ఉన్న చోటుని దూరం నుంచే గుర్తుపట్టి అటు వెళ్తుందని, రాత్రి లేత రంగులో ఉన్నప్పుడు గుర్తుపట్టలేదని తేల్చింది. ఒళ్లంతా వెలుతురు తగిలే జీవిని దాక్కునే చోటు లేకుండా ఉంచితే దానికి పగలనేది ఎలా గడుస్తుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. అమ్మకానికి వచ్చే పెద్ద బ్రిటిల్ స్టార్లు దాదాపు అన్నీ సముద్రంలో రాళ్ల కింద నుంచి పట్టుకొచ్చినవే. మన ఇంట్లో ఒకటి పోయి ఇంకొకటి తెస్తే ఆ రాతి కింద ఇంకో చోటు ఖాళీ అవుతుంది. పెంచలేమనిపిస్తే తిరిగి అమ్మినచోట ఇవ్వండి, లేదా బాగా పెంచేవాళ్లకి ఇవ్వండి. దగ్గర్లో ఉన్న సముద్రంలో మాత్రం వదలొద్దు. అక్వేరియంలనుంచి బయటపడ్డట్టు భావిస్తున్న లయన్‌ఫిష్ అట్లాంటిక్ పగడపు దిబ్బల మీద స్థానిక చేపల్ని ఎలా తినేస్తోందో అందరూ చూస్తున్నారు.

మిమ్మల్ని కోరేది పెద్ద పనేమీ కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వెయ్యండి. ట్యాంకు పెట్టి కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచాకే బ్రిటిల్ స్టార్ తేవాలని, తెచ్చాక విడిగా తిండి పెట్టాలని, ఫొటోలో ఉన్న ఆకుపచ్చ రకం చిన్న చేపల్ని తింటుందని రాస్తే చాలు. కొనేముందు దుకాణంలోనే ఒక ముక్క తినిపించి చూపించమని అడగాలనీ, వెల్లకిలా పడితే వెంటనే తిరగబడుతుందా లేదా చూడాలనీ చేరిస్తే ఇంకా మంచిది. ఆ వ్యాసం చదివి ఈపాటికే ఆకుపచ్చది తెచ్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు. సవరణ త్వరగా వస్తే వాళ్ల గోబీలు దక్కుతాయి.

ఫొటో కావాలంటే నా దగ్గరున్నవి పంపుతాను. రాయి కింద నుంచి చెయ్యి చాపి రొయ్య ముక్క అందుకుంటున్నది ఒకటి బాగా వచ్చింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు